మెమరీ మింగే స్క్రిప్టులు: పాఠకుల ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి గొడవ ఒకటే: క్లౌడ్‌లో నడిపే స్క్రిప్టు మెమరీ చాలక మధ్యలో ఆగిపోతోంది. అందుకని మిగతా ప్రశ్నలను పక్కన పెట్టి, శీర్షిక మొత్తాన్ని దీనికే ఇచ్చేశాను. నా విసుగు కూడా ముందే చెప్పేస్తాను. "ఎంత మెమరీ కొనాలి?" అని దాదాపు అందరూ అడిగారు. ఆగిపోయే ముందు స్క్రిప్టు ఏమని చెప్పి ఆగిందో రాసినవారు కొందరే. రోగం ఏమిటో చెప్పకుండా మందు మోతాదు అడిగితే నేనేం చెప్పను?

ప్రశ్న: *మేడమ్, 4 గిగాబైట్ల మెమరీ ఉన్న అద్దె సర్వర్‌లో రోజూ రాత్రి ఒక పైథాన్ స్క్రిప్టు నడుపుతాను. 2.1 గిగాబైట్ల సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన పట్టికను) పైథాన్‌లో పట్టికల లెక్కలకు వాడే పాండాస్ లైబ్రరీతో చదివి, శాఖల వారీగా నెల మొత్తాలు తీయాలి. అందులో 1.8 కోట్ల వరుసలు, 14 కాలమ్‌లు ఉన్నాయి. ఫైలు మెమరీలో సగమే కదా! అయినా "కిల్డ్" అన్న ఒక్క మాట కనిపించి అంతా ఆగిపోతుంది. ఏ లైనులో తప్పుందో చెప్పదు. తప్పును పట్టుకొనే ట్రై, ఎక్సెప్ట్ పెట్టి చూశాను. అదీ పట్టుకోలేదు.*

ఎక్సెప్ట్ పట్టుకోలేకపోవడం మీ లోపం కాదు. పైథాన్ తనంతట తాను "మెమరీ ఎర్రర్" అని చెబితే దాన్ని పట్టుకోవచ్చు. ఇక్కడ పైథాన్‌కు నోరు విప్పే అవకాశమే రాలేదు. సర్వర్‌ను నడిపే లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్, అడిగిన ప్రతి ప్రోగ్రాముకూ మెమరీ ఇస్తానని మాట ఇచ్చేస్తుంది. అందరూ ఒకేసారి వాడుకోరన్న ధీమా దానిది. ఆ ధీమా తప్పిన రోజు ఎవరో ఒకరిని వదిలించుకోక తప్పదు. అప్పుడు పంపేదే 9వ నంబరు సిగ్నల్. దాన్ని ఏ ప్రోగ్రామూ ఆపలేదు, దానికి బదులు చెప్పలేదు. మీ స్క్రిప్టు ముగింపు కోడ్ చూడండి, 137 అని ఉంటుంది. 128కి 9 కలిపితే వచ్చే సంఖ్య అది. సిగ్నల్ వల్ల పోయిన ప్రోగ్రాములకు షెల్ (మీ ఆదేశాలు అందుకొనే ప్రోగ్రాము) వేసే లెక్క ఇదే.

ఖాయం చేసుకోవాలంటే డీమెసేజ్ (dmesg) అనే ఆదేశం ఇచ్చి చివరి లైన్లు చదవండి. "అవుట్ ఆఫ్ మెమరీ: కిల్డ్ ప్రాసెస్" అని మొదలై, ప్రాసెస్ నంబరు, పేరు, దాని పక్కన "యానాన్ ఆర్‌ఎస్‌ఎస్" అని కిలోబైట్లలో ఒక అంకె ఉంటాయి. పోయే క్షణానికి ఆ ప్రోగ్రాము తన సొంతానికి పట్టుకున్న మెమరీ అది. మీ 4 గిగాబైట్లకు దగ్గరగా ఉంటే దొంగ దొరికినట్టే. చిన్న అంకె ఉంటే మాత్రం తొందరపడకండి. కెర్నెల్ ఎక్కువగా పెద్ద వాటాను పట్టినవాడినే ఎంచుకుంటుంది. ఆఖరి చుక్క అడిగినవాడు వేరొకడు కావచ్చు. నా ఉద్యోగపు తొలి రోజుల్లో ఒక డేటాబేస్ రాత్రి రెండింటికి పడిపోతూ ఉండేది. రెండు వారాలు దాని సెట్టింగులే మార్చుకుంటూ కూర్చున్నాను. అదే సమయానికి మొదలయ్యే ఒక నివేదిక స్క్రిప్టు మెమరీనంతా తోడేస్తుంటే, పెద్ద వాటా డేటాబేస్‌ది కాబట్టి దాని మీద వేటు పడేది. ఆ నివేదిక స్క్రిప్టు రాసింది నేనే.

ఇక "ఫైలు మెమరీలో సగమే కదా" అన్న మాటకు వద్దాం. డిస్కు మీద ఫైలు సైజు వేరు, విప్పాక మెమరీలో దాని సైజు వేరు. మీ 14 కాలమ్‌లలో 10 అంకెలవి అన్నారు. ఒక్కో అంకెకు 8 బైట్లు. 1.8 కోట్లను 80తో గుణిస్తే 144 కోట్ల బైట్లు, అంటే సుమారు 1.4 గిగాబైట్లు. ఇంతవరకు పరవాలేదు. మిగిలిన నాలుగింటిలో మూడు, ఏ రెండు వరుసల్లోనూ ఒకటి కాని అక్షరాల గుర్తింపు సంఖ్యలు. మీరు వాడే పాత పాండాస్‌లో ఇలాంటి ప్రతి మాటా ఒక పైథాన్ వస్తువు. మాట ఎంత చిన్నదైనా దాని పెట్టెకే సుమారు 50 బైట్లు పోతాయి. లోపలి అక్షరాలు, దాన్ని చూపించే 8 బైట్ల గురుతు కలిపితే 65 దాటుతుంది. 1.8 కోట్ల వరుసలు, మూడు కాలమ్‌లు: 351 కోట్ల బైట్లు. మీ 4 గిగాబైట్లు ఇక్కడికే గోవిందా. పైగా ఖాళీ వరుసలు తీసేసే ఆదేశం ఇచ్చారు. అది ఉన్న పట్టికను ఉంచుకొనే ఇంకో పట్టిక తయారు చేస్తుంది. పాండాస్‌ను సృష్టించిన వెస్ మెకిన్నీయే 2017లో రాశారు, డేటా సైజుకు అయిదు నుంచి పది రెట్లు మెమరీ ఉంచుకోవాలని తన లెక్క అని. 3వ వెర్షన్‌లో అక్షరాలకు ప్రత్యేక రకం వచ్చి ఈ భారం తగ్గింది. అయినా మీ స్క్రిప్టుకు కావలసింది కొత్త వెర్షన్ కాదు.

మీకు కావలసింది శాఖ, నెల, మొత్తం. 14లో మూడు కాలమ్‌లు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. ఫైలు చదివే ఆదేశంలో యూజ్‌కాల్స్‌కు ఆ మూడు పేర్లు ఇవ్వండి. ఆ గుర్తింపు సంఖ్యలు మూడూ మెమరీలోకి రానే రావు. శాఖ పేర్లు కొన్నే కాబట్టి ఆ కాలమ్‌ను కేటగిరీ రకంగా ప్రకటించండి. చంక్‌సైజ్, అంటే ఒక ముక్కలో వరుసల సంఖ్య, 5 లక్షలు పెట్టండి. అప్పుడు ఫైలు 36 ముక్కలుగా వస్తుంది. ఒక ముక్కలో మొత్తాలు తీసి, పాత మొత్తాలకు కలిపి, ముక్కను వదిలేయడం. అంతే పని.

ఇక్కడే చాలామంది జారిపడతారు. ముక్కలను చక్కగా చదివి, ఒక్కొక్కటీ జాబితాలో దాచుకొని, చివర అన్నీ కలిపి అతికిస్తారు. అంటే ముక్కలుగా తెచ్చి మళ్ళీ అదే కొండ కట్టారన్నమాట. ముక్క వెళ్ళిపోవాలి, దాని లెక్క మాత్రమే మిగలాలి. ఇంకొకటి: రేపు మీ అధికారి సగటు అడిగితే ముక్కల సగటులకు సగటు తీయకండి, తప్పు వస్తుంది. మొత్తాన్నీ సంఖ్యనూ వేర్వేరుగా కూడబెట్టి చివర భాగించండి. మధ్యగతం అడిగితే ఈ ఉపాయం పనిచేయదు, దానికి వరుసలో పేర్చాలి. పేర్చే పని లైనక్స్‌లోని సార్ట్ ఆదేశానికి ఇవ్వండి. మెమరీకి మించిన ఫైలునైనా అది డిస్కు మీద తాత్కాలిక ముక్కలుగా పేర్చి, ఆ తరువాత కలుపుతుంది. వయసులో మనలో చాలామందికి పెద్దది ఆ ఆదేశం, కానీ నేటికీ దాని చేయి తిరిగినతనం తగ్గలేదు.

ప్రశ్న: *నమస్కారమండీ. పిలిచినప్పుడే కోడ్‌ను నడిపే అమెజాన్ లాంబ్డాలో ఫొటోలను చిన్నవి చేసే ఫంక్షన్ పెట్టాను, మెమరీ 256 మెగాబైట్లు. లాగ్‌లో "మ్యాక్స్ మెమరీ యూజ్డ్" చూస్తే మొదట 91 ఉంది. తరువాత 97, 104, 110... ఇలా పెరిగి పెరిగి పడిపోతుంది. మళ్ళీ 91తో మొదలవుతుంది. ఫొటోలన్నీ దాదాపు ఒకే సైజువి. ప్రతిసారీ ఫంక్షన్ కొత్తగానే మొదలవుతుంది కదా, పాతది ఎలా మిగులుతుంది?*

లాగ్‌లోని అంకెలు వరుసగా రాసి పంపారు, మీకు దండం పెడతాను. ఆ నాలుగు అంకెల్లోనే జవాబుంది.

ప్రతిసారీ కొత్తగా మొదలవుతుందన్నది నిజం కాదు. ఒక పిలుపు ముగిశాక లాంబ్డా అది నడిచిన గదిని వెంటనే కూల్చేయదు. తరువాతి పిలుపు త్వరగా వస్తే అదే గదిలో కూర్చోబెడుతుంది. ప్రతి పిలుపుకూ నడిచే హ్యాండ్లర్ ఫంక్షన్ లోపల పుట్టినవి పని కాగానే పోతాయి. దాని బయట, ఫైలు పైభాగంలో పెట్టినవి ఉండిపోతాయి. ఇది వరం కూడా. డేటాబేస్ కనెక్షన్‌ను బయట పెట్టుకుంటే ప్రతిసారీ కట్టనవసరం లేదు. మీ కోడ్ తెరిచి హ్యాండ్లర్‌కు పైన ఏమేమి ఉన్నాయో ఒక్కొక్కటీ చూడండి. ఏదో ఖాళీ జాబితా కనబడుతుంది. ప్రతి పిలుపుకూ ఆరేడు మెగాబైట్లు పెరుగుతోందంటే అందులో పడుతున్నది పేర్లు కాదు, దాదాపు ఫొటోలే. పైన జాబితా కనబడకపోతే ఫంక్షన్ నిర్వచనాల్లో వెతకండి. పైథాన్‌లో ఒక ఫంక్షన్ పారామీటరుకు డిఫాల్టుగా ఖాళీ జాబితా ఇస్తే, ఆ జాబితా ఒక్కసారే పుడుతుంది. ఆ తరువాత పిలుపులన్నీ దానిలోనే వేస్తూ పోతాయి.

కంటికి దొరక్కపోతే మెమరీ లెక్క రాసే ట్రేస్‌మాలక్‌ను వాడండి. పైథాన్‌తో పాటే వస్తుంది, 3.4 నుంచి ఉంది. మొదటి పిలుపు చివర ఒక స్నాప్‌షాట్, పదో పిలుపు చివర ఇంకొకటి తీసి, రెండింటినీ పోల్చమనండి. ఏ ఫైలులో ఎన్నో లైను దగ్గర పుట్టిన మెమరీ పెరిగిందో పెద్దదాని నుంచి చిన్నదానికి చూపిస్తుంది. పని నెమ్మదిస్తుంది, కాబట్టి దొంగ దొరగ్గానే తీసేయండి. ఒక మెలిక: ఫొటోల లైబ్రరీలు కొన్ని పైథాన్‌కు చెప్పకుండా సొంతంగా మెమరీ తీసుకుంటాయి. అది ట్రేస్‌మాలక్‌కు కనబడదు. మొత్తం పెరుగుతూ ట్రేస్‌మాలక్ మాత్రం అంతా క్షేమం అంటుంటే, తెరిచిన ఫొటోను మూసివేయకుండా వదిలేశారేమో చూడండి.

మెమరీ పెరగడమంతా లీకు (పని అయిపోయినవాటిని వదలకుండా పోగేయడం) కాదని కూడా చెప్పాలి. పైథాన్ ఒకసారి తీసుకున్న మెమరీని ఆపరేటింగ్ సిస్టమ్‌కు వెంటనే తిరిగి ఇవ్వదు, మళ్ళీ అవసరపడుతుందని దగ్గర ఉంచుకుంటుంది. పెరిగి ఒక చోట చదునుగా ఆగితే భయపడకండి. మీది మెట్లెక్కుతోంది కాబట్టే లీకు అంటున్నాను.

మెమరీ పెంచి చూడమని మీ స్నేహితుడు సలహా ఇచ్చాడన్నారు. నేనూ ఒకప్పుడు అదే చేశాను. పాత జవాబులను గుర్తుంచుకొనే ఎల్‌ఆర్‌యూ క్యాష్ అనే సౌకర్యాన్ని పరిమితి లేకుండా, మ్యాక్స్‌సైజ్ నన్ అని పెట్టి ఒక సేవను విడుదల చేశాను. ఏమీ ఇవ్వకపోతే అది 128 జవాబులనే గుర్తుంచుకునేది. నేనే తెలివికి పోయి ఆ తాళం తీసేశాను. పడిపోయినప్పుడల్లా మెమరీ 512ను 1,024, దాన్ని 2,048 చేశాను. పెంచిన ప్రతిసారీ నాలుగు రోజుల నెమ్మది దొరికేది. చిల్లు కుండ మార్చి పెద్ద చిల్లు కుండ తెచ్చుకున్నాను.

అయితే లాంబ్డాలో మెమరీ పెంచడం ఎప్పుడూ దండగ అనుకోకండి. 128 నుంచి 10,240 మెగాబైట్ల వరకు ఎంత పెడితే అంత దామాషాలో ప్రాసెసర్ శక్తి కూడా వస్తుంది. 1,769 దగ్గర నిండుగా ఒక వర్చువల్ సీపీయూ అందుతుంది. బిల్లు మెమరీని సమయంతో గుణించి వేస్తారు. మెమరీ రెట్టింపు చేస్తే పని సగం సమయంలో ముగిసి ఖర్చు దాదాపు అంతే ఉండవచ్చు. లీకు ఆపాక ఆ ప్రయోగం చేయండి.

ప్రశ్న: *కోడ్‌ను నడిపిపెట్టే గూగుల్ క్లౌడ్ రన్‌లో మా సేవ ఒక జిప్ ఫైలును దించుకొని, తాత్కాలిక ఫోల్డర్‌లో విప్పి, లెక్క చూసి పంపుతుంది. ఫైలును మెమరీలోకి చదవడం లేదు, డిస్కు మీదే పని. అయినా మెమరీ పరిమితి దాటింది అంటోంది.*

మీరు డిస్కు అనుకుంటున్నది డిస్కు కాదు. అక్కడ మామూలుగా ఫైళ్ళు మెమరీలోనే ఉంటాయి. 300 మెగాబైట్ల ఫైలు రాశారంటే మీ మెమరీ కోటాలో 300 పోయినట్టే. చెరిపేదాకా తిరిగి రాదు. జిప్‌నూ విప్పినదాన్నీ రెండింటినీ ఉంచుతున్నారు. ఒక్కో ఫైలును జిప్ నుంచి నేరుగా చదివి, పని కాగానే చెరిపేయండి, లేదా స్టోరేజీ బకెట్‌లోకి పంపండి. లాంబ్డాలో తాత్కాలిక ఫోల్డర్‌కు మామూలుగా విడిగా 512 మెగాబైట్ల చోటిస్తారు, అది మెమరీ లెక్కలోకి రాదు. అక్కడ నడిచిన కోడ్‌ను ఇక్కడికి తెచ్చినవారు చాలామంది ఇలాగే బోల్తా పడ్డారు.

ప్రశ్న: *అమ్మా, నేను ఈ రంగానికి ఆలస్యంగా వచ్చినవాడిని, పాత మెయిన్‌ఫ్రేముల మనిషిని. కంటైనర్లను నడిపే కుబర్నెటీస్‌లో మా కంటైనర్ (ప్రోగ్రామును విడిగా ఉంచే పెట్టె) "ఓఓఎం కిల్డ్" (మెమరీ చాలక చంపేశాం) అని పడిపోతోంది. లోపలికి వెళ్ళి ఫ్రీ ఆదేశం ఇస్తే 64 గిగాబైట్లలో 40 ఖాళీ అంటోంది. ఇంత ఖాళీ ఉండగా మెమరీ చాలకపోవడం ఏమిటి?*

అయ్యా, మెయిన్‌ఫ్రేముల మీద పనిచేసినవారికి నేను మెమరీ పొదుపు నేర్పడం సాహసమే. మీరు చూసింది అద్దెకున్న గది కాదు, భవనం మొత్తం. కంటైనర్ లోపల ఫ్రీ ఆదేశం చూపేది ఆ యంత్రం మొత్తం లెక్క. మీ గది హద్దును కెర్నెల్ సీగ్రూప్ అనే పద్ధతిలో విడిగా రాసుకుంటుంది. సిస్ డైరెక్టరీలో ఎఫ్‌ఎస్, దానిలో సీగ్రూప్ ఫోల్డర్ తెరిచి, మెమరీ డాట్ మ్యాక్స్ అనే ఫైలు చదవండి. అసలు అంకె అక్కడుంటుంది. దాని పక్కనే మెమరీ డాట్ కరెంట్‌లో ఇప్పటి వాడకం ఉంటుంది. మీ పరిమితి 2 గిగాబైట్లు అని ఉత్తరం చివర ఎక్కడో రాశారు. మొదటి లైనులో రాయవలసిన మాట అది.

ఇంకో అనుమానం. మీ స్క్రిప్టు యంత్రంలో ఎన్ని సీపీయూలుంటే అన్ని పనివాళ్ళను పుట్టిస్తుందన్నారు. ఆ ప్రశ్నకూ భవనం లెక్కే జవాబుగా వస్తుంది. 32 అంటే 32 ప్రాసెస్‌లు. ఒక్కోటీ 180 మెగాబైట్లు తిన్నా మొత్తం 5,760. రెండు గిగాబైట్ల గదిలో ఇది ఎలా పడుతుంది? పనివాళ్ళ సంఖ్యను మీరే రాయండి: 8 పెట్టండి, అదీ పట్టకపోతే 6. జావా సంగతి కూడా అడిగారు. 10వ వెర్షన్, అంటే 2018 నుంచి జావాకు గది హద్దు తెలుసు. ఏమీ చెప్పకపోతే అందులో నాలుగో వంతునే హీప్‌గా, అంటే తన వస్తువులు ఉంచుకొనే చోటుగా, తీసుకుంటుంది. ఎక్కువ కావాలంటే మ్యాక్స్ ర్యామ్ పర్సెంటేజ్‌ను పెంచవచ్చు, కానీ 100 దగ్గరికి తీసుకెళ్ళకండి. హీప్ బయట కూడా జావాకు ఖర్చులుంటాయి.

ప్రశ్న: *అక్కా, నేను పరిశోధక విద్యార్థిని. ఉపగ్రహ చిత్రాల లెక్కలు చేసే గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో పదేళ్ళ ఉపగ్రహ చిత్రాల మీద పచ్చదనం సగటు తీస్తుంటే "యూజర్ మెమరీ లిమిట్ ఎక్సీడెడ్" అంటోంది. నా ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 8 నుంచి 16 చేయించుకోనా?*

వద్దు తల్లీ, డబ్బు దాచుకో. లెక్క నడిచేది నీ ల్యాప్‌టాప్‌లో కాదు, గూగుల్ యంత్రాల్లో. ఆ పరిమితి కూడా అక్కడిదే.

నువ్వు పంపిన స్క్రిప్టులో చిత్రాల సేకరణను టూలిస్ట్‌తో జాబితాగా మార్చి, ఫర్ లూప్‌లో తిరిగావు. మొదట దాన్ని తీసెయ్. సేకరణ మీద మ్యాప్ (ప్రతి చిత్రానికీ ఒకే పనిని వర్తింపజేసే ఫంక్షన్) వాడు. జాబితా చేయమంటే అన్నిటినీ ఒకచోట పోగేయమన్నట్టే. తేదీ, ప్రాంతం, మబ్బుల వడపోతలు చివర పెట్టావు, అవి అన్నిటికన్నా ముందు రావాలి. ప్రాంతపు సగటు తీసే రెడ్యూస్ రీజియన్‌లో టైల్‌స్కేల్ అని ఒకటుంటుంది. 2, 4 ఇలా 16 వరకు ఇచ్చి చూడు. అంకె పెరిగేకొద్దీ చిత్రాన్ని చిన్న పలకలుగా కోసి లెక్కిస్తుంది. నెమ్మదిస్తుంది కానీ మెమరీ తక్కువ పడుతుంది. ఫలితాన్ని ప్రింట్‌తో తెర మీదే చూడాలన్న పంతం మానుకొని ఎక్స్‌పోర్ట్ చేసుకో. ఎక్స్‌పోర్ట్ పనులు వెనక విడిగా నడుస్తాయి, వాటికి ఎక్కువ సమయం దొరుకుతుంది. అప్పటికీ కాకపోతే ఏడాదికొకటి చొప్పున పది పనులుగా పంపు.

ప్రశ్న: *మా సర్వర్ గ్రాఫులో మెమరీ 40 శాతం దాటినట్టు ఎప్పుడూ లేదు. అయినా స్క్రిప్టు మెమరీ చాలక పోయింది. ఏది అబద్ధం?*

గ్రాఫు అబద్ధం చెప్పలేదు, ఆలస్యంగా వచ్చింది. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు. మీది అయిదు నిమిషాల సగటు. స్క్రిప్టు 20 సెకన్లలో 95 శాతానికి ఎగబాకి పోతే ఆ సగటులో అది చిన్న బొడిపెగా కూడా కనబడదు. శిఖరాన్ని కొలవాలి. యూఎస్‌ఆర్ కింది బిన్ ఫోల్డర్‌లో టైమ్ అనే ప్రోగ్రాము ఉంటుంది. లేకపోతే ఇన్‌స్టాల్ చేసుకోండి. దానికి హైఫన్ వీ ఇచ్చి మీ స్క్రిప్టును నడిపించండి. చివర "మ్యాగ్జిమమ్ రెసిడెంట్ సెట్ సైజ్" అని కిలోబైట్లలో శిఖరం చెబుతుంది. పూర్తి దారితోనే పిలవండి. ఉత్త టైమ్ అని కొడితే బాష్ అనే షెల్ తన సొంత టైమ్‌ను పలికిస్తుంది, దానికి సమయం తప్ప మెమరీ తెలియదు. అమెజాన్ అద్దె సర్వర్లు, అంటే ఈసీ2, వాడేవారికి ఒక మాట: అక్కడ క్లౌడ్‌వాచ్ అనే పర్యవేక్షణ సేవ తనంతట తాను మెమరీని చూడదు, ఏజెంటును విడిగా పెట్టుకోవాలి. ఆ ఏజెంటు కూడా కాస్త మెమరీ తింటుంది. ఒక్క గిగాబైటున్న చిన్న యంత్రంలో కంచే చేను మేయకుండా చూసుకోండి.

ప్రశ్న: *స్వాప్ ఫైలు (మెమరీ నిండినప్పుడు దాని బదులు వాడే డిస్కు చోటు) పెట్టుకుంటే ఈ బాధ తప్పదా?*

రాత్రి ఒంటరిగా నడిచే స్క్రిప్టుకైతే పెట్టుకోండి, 2 గిగాబైట్లు చాలు. పోయే బదులు ఆలస్యంగానైనా ముగుస్తుంది. జనం ఎదురుచూసే సేవకు మాత్రం వద్దు. అది చావక బతకక గంటల తరబడి వేలాడుతుంది, లాగిన్ కూడా కానివ్వదు. పెట్టాక వీఎంస్టాట్ 1 అని కొట్టి ఎస్‌ఐ, ఎస్‌ఓ అనే రెండు కాలమ్‌లు చూడండి. అప్పుడప్పుడు అంకెలు కనబడి మళ్ళీ సున్నా అయితే సరే. రెండూ ఆగకుండా కదులుతుంటే స్క్రిప్టును ఆపి, పైన మొదటి ఉత్తరానికి ఇచ్చిన జవాబు దగ్గరికి వెళ్ళండి.